ఏడో నంబరు ట్యాంకరు

ఆ వేసవిలో మా నాన్నను దొంగను చేసింది నా సంతకం. ఈ మాట ఎవరో అన్నది కాదు, నేనే అంటున్నాను. మిగతావాళ్ళ సంగతీ చెబుతాను, ఒక్కరినీ వదలను. కానీ నా వంతు ముందు చెప్పకుండా వాళ్ళ జోలికి వెళ్ళడం న్యాయం కాదు.

నాన్న నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా అదే యార్డు, అదే పని. నేను బళ్ళకు బిగించిన జీపీఎస్ పెట్టెలను సరిచూసే కంపెనీలో కొత్తగా చేరాను. ఆ పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. స్టీరింగు కింద కూర్చుని, బండి ఎక్కడ తిరిగిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో అంతా ఆఫీసుకు చేరవేస్తుంది. ఆఫీసు తెర మీదా, నా ఫోను తెర మీదా ఒక్కో బండికి ఒక్కో చుక్క. ఫిట్టరు పెట్టెను బిగిస్తాడు. ఏ బండి పెట్టె ఆ బండిలోనే ఉందా, సరిగ్గా పనిచేస్తోందా అని చూసి, 'స్వయంగా పరిశీలించాను' అని అచ్చువేసిన చోట నేను సంతకం పెడతాను. సంతకం పెట్టినందుకు జీతం తీసుకునే మనిషి మా ఇంట్లో నేనే మొదలు. అమ్మ ఆ సంగతి కూరగాయల బండివాడితో సహా అందరికీ చెప్పుకుంది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ట్యాంకర్ల నీళ్ళు దారిలోనే అమ్ముడుపోతున్నాయని ఊరంతా గోల. యార్డులోని పద్దెనిమిది బళ్ళకూ పెట్టెలు బిగించి, సరిచూసి, అప్పుడే పనిలోకి వదలమని యార్డుల పైనుండే పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది.

పద్ధతి ప్రకారం ఒక్కో బండినీ విడిగా చూడాలి. మిగతావన్నీ ఆపి ఉంచి, ఆ ఒక్క బండి తాళం తిప్పితే తెర మీద దాని చుక్క ఆకుపచ్చగా మారాలి. ఆపితే ఎర్రగా మారాలి. తర్వాత స్టీరింగు కింద తల దూర్చి, మూత విప్పి, పెట్టె మీది నంబరు చదవాలి. బండికి ఇరవై నిమిషాలు పడుతుంది. పద్దెనిమిది బళ్ళకు ఎంతవుతుందో నేను లెక్కేసుకునే లోపే డ్రైవర్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు.

"తల్లీ, త్వరగా కానియ్యి. గుట్ట మీద జనం బిందెలు పెట్టుకుని కూర్చున్నారు" అన్నాడు నాన్న, తన ఏడో నంబరు బండిలోంచి తల బయటపెట్టి.

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అందరినీ బళ్ళెక్కమన్నాను. నేను చెయ్యి ఎత్తగానే అందరూ ఒకేసారి తాళాలు తిప్పాలన్నాను. ఎత్తాను. పద్దెనిమిది ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి, తెర మీద పద్దెనిమిది నంబర్లు పచ్చబడ్డాయి. చెయ్యి దించాను. అన్నీ ఎర్రబడ్డాయి. ఇక పెట్టెల మీది నంబర్లంటారా, బిగించే ముందు ఫిట్టరు తీసిన ఫోటోలు ఉండనే ఉన్నాయి, మళ్ళీ మూతలు విప్పడం ఎందుకు? గంటలో పద్దెనిమిది సంతకాలు అయిపోయాయి. డ్రైవర్లు ఈల వేశారు. నాన్న పక్క బండి వైపు తిరిగి, "మా అమ్మాయి బుర్రే బుర్ర" అన్నాడు. పక్క బండి పదకొండో నంబరు. దాని డ్రైవరును నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నాన్నతో పాటే యార్డులో చేరాడు. మా ఇంట్లో ఆయనకంటూ ఒక కంచం ఉండేది.

నెల తిరిగేసరికి గుట్ట మీది జనం పాతికమంది యార్డు మీద పడ్డారు. రోజూ ఒక ట్రిప్పు తక్కువొస్తోందని వాళ్ళ గొడవ. గుట్టకు వెళ్ళేవి రెండే బళ్ళు, ఏడూ పదకొండూ. ఒక్కోటీ రోజుకు ఆరు ట్రిప్పులు వెయ్యాలి. రెండింటికీ ఒకే నీలం రంగు. నీళ్ళకోసం తోసుకునే మనిషి బండి నంబరు చూస్తుందా, పైపు చూస్తుందా? ఏ బండి ఎగ్గొడుతోందో వాళ్ళకు తెలియదు.

యార్డు సూపర్‌వైజరు నన్ను కూడా పిలిపించాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. వెళ్ళేసరికి ఆయన తెరను జనం వైపు తిప్పి పెట్టాడు. "మిషనుకు మొహమాటం ఉండదమ్మా. మీరే చూడండి" అని ఒక్కో రోజూ చూపించుకుంటూ పోయాడు. రోజూ పొద్దున పది గంటలకు ఏడో నంబరు గుట్ట దారి వదిలి, బైపాసు పక్కన కొత్తగా కడుతున్న ఒక మేడ ముందు నలభై నిమిషాలు ఆగుతోంది.

"నేను ఆ పక్కకే వెళ్ళలేదండీ" అన్నాడు నాన్న.

"నువ్వు అలాగే అంటావయ్యా. ఇదిగో, ఈ పెట్టెను సరిచూసి సంతకం పెట్టింది ఎవరో కాదు, నీ కన్నకూతురు. కూతురు తండ్రి మీద అబద్ధం చెబుతుందా?" అని సూపర్‌వైజరు నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నువ్వే చూశావు కదా?"

పాతికమంది నన్నే చూస్తున్నారు. బాబాయి తలుపు దగ్గర నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"చూశానండీ" అన్నాను.

నాన్న ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత జేబులోంచి బండి తాళం తీసి, బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మా ఇల్లు గుట్ట మొదట్లోనే. మేమూ ఆ ట్యాంకరు నీళ్ళే పట్టుకోవాలి. మర్నాడు పొద్దున అమ్మ బిందె వరుసలో నాలుగోది. ట్యాంకరు వచ్చేసరికి అది చిట్టచివర ఉంది. అమ్మ తీసి మళ్ళీ నాలుగో చోట పెట్టింది. "మొగుడు మేడలకు పోస్తాడుగా, అక్కడికెళ్ళి పట్టుకో" అని ఎర్ర రిబ్బను పెద్దమ్మ బిందెను కాలితో తన్నింది. నెరిసిన జడకు ఎర్ర రిబ్బను కట్టుకుంటుందని ఆమెకు ఆ పేరు. బిందె గుట్ట వాలున దొర్లుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. పక్కనున్నవాళ్ళు "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నారట. అమ్మ సొట్టపడిన ఖాళీ బిందెను వంటింట్లో బోర్లించి, ఏమీ జరగనట్టు పొయ్యి తుడవడం మొదలుపెట్టింది.

నేను నాన్న దగ్గరకు వెళ్ళాను. ఓదార్చడానికి కాదు. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు తల తీసేసినట్టు ఉంటుంది.

"నిజం చెప్పు నాన్నా. వెళ్ళావా, లేదా?"

"లేదు."

"మరి మిషను అబద్ధం చెబుతుందా?"

"చెప్పదులే. నువ్వు సంతకం పెట్టావుగా" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే అప్పుడే నాకు బుద్ధి వచ్చేదేమో.

తొమ్మిది రోజులు మా నాన్న మొహం నేను సరిగ్గా చూడలేదు. నా చిన్నప్పుడు రోడ్డు మీద ఎవరో పారేసుకున్న సంచి దొరికితే, సొంతదారు కోసం రెండు పేటలు తిరిగిన మనిషి ఆయన. ఆ మనిషిని నమ్మకుండా నేను ఒక డబ్బాను నమ్మాను. డబ్బా మీద నమ్మకం కూడా కాదు అది, నా మీద నాకున్న గొప్ప. నేను సంతకం పెట్టింది తప్పెలా అవుతుంది?

పదో రోజు ఊరి అవతల అంబులెన్సులకు బిగించిన పెట్టెలు చూస్తున్నాను. తెర మీద వాటి నంబర్లు వెతుకుతూ కిందకి జరిపితే, నెల రోజుల కిందటి ట్యాంకర్ల జాబితా కూడా వచ్చింది. చూడకూడదనుకుంటూనే ఏడో నంబరు చూశాను.

నాన్న ఇంట్లో ఉన్నాడు. ఏడో నంబరు బండి యార్డు గోడ పక్కన దుమ్ము కొట్టుకుపోయి ఉంది, పొద్దున అటు నుంచి వస్తూ నా కళ్ళతో చూశాను. దాని తాళం సూపర్‌వైజరు సొరుగులో ఉంది. తెర మీద మాత్రం ఏడో నంబరు పచ్చగా వెలుగుతూ గుట్ట దిగుతోంది.

తేదీలు వెనక్కి తిప్పి చూశాను. తొమ్మిది రోజులుగా డ్రైవరు లేని బండి గుట్ట ఎక్కి దిగుతోంది. పది గంటలకు ఠంచనుగా మేడ ముందు ఆగుతోంది. పదకొండో నంబరేమో యార్డులో కదలకుండా ఎర్రగా ఉంది. అంటే రెండు పెట్టెలూ తారుమారయ్యాయి. అందరి తాళాలూ ఒకేసారి తిప్పిస్తే ఏ పచ్చ ఏ బండిదో ఎలా తెలుస్తుంది? నా బుర్రకు తట్టనిది అదీ. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది ఇంకో సంగతికి. ఇదే తెర సూపర్‌వైజరు బల్ల మీద పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. తాళం తన సొరుగులో పెట్టుకుని, ఆ బండే ఊరంతా తిరుగుతుంటే తొమ్మిది రోజులు చూస్తూ కూర్చున్నాడు!

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని తెగిన చెప్పుకు మేకు కొడుతున్నాడు.

"నాన్నా, పెట్టెలు తారుమారయ్యాయి."

ఆయన మేకు కొట్టడం ఆపలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

"నీకు ముందే తెలుసా?"

"నేను వెళ్ళలేదని నాకు తెలుసు కదమ్మా. వెళ్ళేదెవరో కూడా తెలుసు. ఇక మిగిలింది అదొక్కటేగా?"

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ముందు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? సంతకం ఎవరిది? నాదేముంది, ఇంకో రెండేళ్ళలో ఎలాగూ ఇంటికొచ్చేవాణ్ణే. నీకిది మొదటి ఉద్యోగం."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నన్ను ఒక్క మాట అడక్కుండా నాకోసం దొంగగా బతకడానికి ఈయనెవరు? అదే అరిచాను. నాన్న కూడా ఏదో అనబోయాడు. ఇంతలో వంటింట్లోంచి అమ్మ వచ్చింది.

"ఇద్దరూ ఇద్దరే. ఆయనేమో కూతురికోసం నోరు కుట్టుకున్నారు. నువ్వేమో మిషను మాట విని మొహం తిప్పుకున్నావు. మధ్యలో వీధిలో దొర్లింది నా బిందె. నాకేమన్నా చెప్పారా, అడిగారా? ఎవరో ఒకరు లేచి వెళ్ళి ఇది తేల్చుకురండి. లేదంటే నేనే వెళ్తాను, నేను వెళ్తే బాగోదు."

నేనే వెళ్ళాను. బాబాయి అప్పుడే ట్రిప్పు ముగించుకుని యార్డులో బండి ఆపుతున్నాడు. సూపర్‌వైజరును ఏడో నంబరు తాళం అడిగాను.

"ఎందుకమ్మా?"

"సరిచూడాలండీ. ఆ రోజు సరిచూడలేదు."

ఆయన సొరుగు తెరిచి ఇచ్చాడు. ఆయనా నా వెంట వచ్చాడు. నేను ఏడో నంబరు ఎక్కి తాళం తిప్పాను. నా ఫోను తెర మీద పదకొండో నంబరు పచ్చబడింది. ఆపితే ఎర్రబడింది. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ అంతే. స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని, మూత విప్పి, నోట్లో దుమ్ము పడుతుంటే పెట్టె మీది నంబరు గట్టిగా చదివాను. నెల కిందట చెయ్యాల్సిన పని. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

లేచి ఫోను సూపర్‌వైజరుకు చూపించాను. ఆయన దాని వైపు చూడలేదు. తనకు తెలియనిది చూపిస్తే ఎవరైనా చూస్తారు.

"బాబాయ్, ఆ మేడ ఎవరిది?" అన్నాను.

బాబాయి సూపర్‌వైజరు వైపు చూసి తల దించుకున్నాడు. "నన్ను అడగొద్దమ్మా. వెళ్ళమన్న చోటికి వెళ్ళాను."

"వెళ్ళమన్నది ఎవరు?"

ఇద్దరికిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"అన్నయ్యా అన్నయ్యా అని మా ఇంట్లో తిన్నావు. అన్నయ్యను దొంగ అంటుంటే మెడ తుడుచుకున్నావు. నీకు చెమట అక్కడొక్కచోటే పట్టిందా?" అన్నాను. ఆయన తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. జాలి పడాల్సిన మనిషే. నేను పడలేదు.

సూపర్‌వైజరు నన్ను లోపలికి పిలిచి, ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. "చూడమ్మా, చిన్నపిల్లవి. 'పెట్టెలు పాడయ్యాయి, మార్చాం' అని కాగితం తయారు చేయిస్తాను. పాత తేదీ వేసి సంతకం పెట్టు. నీ ఉద్యోగం నీకుంటుంది. మీ నాన్నను కూడా పెద్ద మనసు చేసుకుని క్షమించి, రేపే పనిలోకి తీసుకుంటాను. పాము చావాలి, కర్ర విరగకూడదు. అంతేగా మనకు కావలసింది?"

ఆయన లెక్కలో పాము ఎవరో నేను అడగలేదు.

"ఏం చేశాడని క్షమిస్తారండీ?" అని మాత్రం అడిగాను. బల్ల మీది తెల్ల కాగితాలు నాలుగు లాక్కున్నాను. పద్దెనిమిది బళ్ళనూ ఒక్కొక్కటిగా చూడకుండానే చూసినట్టు సంతకం చేశానని రాశాను. ఏడు, పదకొండు పెట్టెలు తారుమారయ్యాయని, నెల రోజులుగా మేడ ముందు ఆగిన బండి మా నాన్నది కాదని, ఈ సంగతి తొమ్మిది రోజులుగా తెర మీద కనబడుతూనే ఉందని రాశాను. నాలుగు కాగితాల మీదా అవే మాటలు రాసి, నాలుగింటి కిందా సంతకం పెట్టాను. ఒకటి ఆయన బల్ల మీదే పెట్టాను, ఒకటి మా కంపెనీకి, ఒకటి పెద్దాఫీసుకు పంపాను.

నాలుగోది మర్నాడు పొద్దున నీళ్ళ వరుస దగ్గర నిలబడి చదివాను. ట్యాంకరు ఇంకా రాలేదు. అమ్మ సొట్ట బిందెతో చివర నిలబడి ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ తప్పు చేసింది నువ్వా?" అంది ఎర్ర రిబ్బను పెద్దమ్మ.

"నేనే."

"చెప్పడానికి సిగ్గు లేదూ?"

"ఉంది పెద్దమ్మా. ఉంది కాబట్టే చదువుతున్నాను."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. క్షమాపణ గిమాపణ ఏమీ లేదు. వెళ్ళి అమ్మ చేతిలోంచి బిందె లాక్కుని, తెచ్చి తన బిందె ముందు పెట్టింది. "నీళ్ళు తాగిన మేడ సంగతి కూడా తేల్చు మరి" అంది నాతో.

ఆ మేడ సంగతి ఎవరూ తేల్చలేదు. అది ఎవరిదో బైపాసులో కొబ్బరికాయలమ్మే వాడికి కూడా తెలుసు. సూపర్‌వైజరును వేరే యార్డుకు బదిలీ చేశారు. ఆ యార్డు ఆయన కొత్త మేడకు దగ్గర కూడాను. బాబాయి పదకొండో నంబరు మీదే ఉన్నాడు. మా కంపెనీవాళ్ళు మాత్రం చాలా చురుకు. నా కాగితం చేరిన రోజే, రేపటి నుంచి రానక్కర్లేదని చెప్పేశారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ పిడికిళ్ళు అందరివీ ఒక సైజువి కావు.

ఎండలు తగ్గి, మొదటి మబ్బులు పట్టిన వారం నాన్నకు పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 'మీపై వచ్చిన ఆరోపణ రుజువు కానందున, మానవతా దృష్టితో తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది.' అమ్మ ఊపిరి పీల్చుకుని, "పోనీలెండి, గండం గట్టెక్కింది" అంది. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాతో "పద" అన్నాడు.

పెద్దాఫీసులో గుమాస్తా ఆ ఉత్తరం చూసి, "అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా, రేపొచ్చి చేరు" అన్నాడు.

"రుజువు కాలేదంటే ఏంటండీ?" అన్నాడు నాన్న.

"తప్పు చేసినట్టు ఆధారం దొరకలేదని."

"అంటే చేసి ఉండొచ్చు, దొరకలేదు. అంతేగా?"

లోపలి నుంచి ఆఫీసరు వచ్చాడు. "ఉద్యోగం ఇచ్చాం కదయ్యా, ఇంకేం కావాలి? ఫారంలో ఉండే మాటలు అవే. వేరే మాటలకు అందులో చోటుండదు."

మా నాన్న గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. నా మీద కూడా ఏనాడూ పెంచలేదు. ఆ రోజు ఆ గదిలో వాళ్ళందరూ కాగితాల్లోంచి తలలెత్తారు.

"మా అమ్మాయి తన తప్పు తన చేత్తో రాసిచ్చిందండీ. దానికి ఏ ఫారం దొరికింది? తెల్ల కాగితం మీద రాసింది. ఉద్యోగం పోతుందని తెలిసే రాసింది. ఇరవై మూడేళ్ళ పిల్లకు దొరికిన కాగితం ఇంత పెద్ద ఆఫీసులో మీకు దొరకదా?"

అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. పది నిమిషాలో, అంతకన్నా ఎక్కువో. ఆఫీసరు ఒకసారి లోపలికి వెళ్ళాడు, బయటకు వచ్చాడు, గడియారం చూశాడు. చివరికి గుమాస్తా వైపు తలూపాడు. గుమాస్తా విసుగ్గా ఒక తెల్ల కాగితం తీసి, "చెప్పు, ఏం రాయాలి?" అన్నాడు.

"'నీళ్ళు అమ్ముకున్నది ఇతను కాదు' అని రాయండి."

గుమాస్తా రాశాడు. నాన్న ముందుకు వంగి చూశాడు.

"ఇతను అంటే ఎవరికి తెలుస్తుందండీ? పేరు రాయండి."

గుమాస్తా కొట్టేసి, పాత ఉత్తరంలో చూసుకుంటూ ఇంటిపేరుకు ఒక అక్షరం, చుక్క పెట్టి, పక్కన నాన్న పేరు రాయబోయాడు. నాన్న ఆ చుక్క మీద వేలు పెట్టి ఆపాడు.

"పొడి అక్షరం వద్దండీ. ఇంటిపేరు పూర్తిగా రాయండి. అది మా అమ్మాయిది కూడా."